చివరి కబురు అందని ఇల్లు

మా ఊరి ప్రాథమిక బడిలో మధ్యాహ్నం వంట చేసేది నేనే. కంభంలో ఆటో ఎక్కి, అర్ధవీడు దాటాక ఇంకో పావుగంట కూర్చుంటే మా ఊరు వస్తుంది. బడికి రెండు గదులు, ఒక వరండా, వెనకాల నా వంటపాక. పిల్లలు ముప్పై ఒక్కరు. నేను చదివింది రెండో తరగతి. మూడుకు పోవాల్సిన ఏడు మా నాయన గొర్రెలు కొన్నాడు, వాటి వెంట నన్ను తోలాడు, చదువు అక్కడితో సరి. కానీ ఒకసారి చెవిన పడ్డ మాట నన్ను విడిచి పోదు. ఏ బిడ్డ ఏ వానకు పుట్టాడో, ఎవరి పెళ్లిలో పప్పు మాడిందో అన్నీ చెప్పగలను. అడగకపోయినా చెబుతానని మా కోడలు మూతి తిప్పుతుంది.

నా ఈ గుణాన్ని పనిలో పెట్టింది మాత్రం షాహీన్ టీచర్. మార్కాపురం పిల్ల. నిరుడు చలికాలం మొదట్లో బడి సంగతులన్నీ కాగితాల మీద అచ్చు వేయించి ఇంటింటికీ పంపింది. పాల్ రాజు ఇంట్లో ఆ కాగితాన్ని అలమరలో గిన్నెల కింద పరిచారు. ఇంకొకరింట్లో దాంట్లో వేయించిన శనక్కాయలు పొట్లం కట్టి, ఆ పొట్లాన్ని పిల్లవాడి చేతికే ఇచ్చి బడికి పంపారు. ఫోన్లలో పెడదామంటే సగం ఫోన్లకు రీచార్జి ఉండదు, మిగతా సగం మనుషులతోపాటు చేలలో ఉంటాయి.

అందుకని ఈ ఏడు నవంబరు ఆఖరున, సోమవారం మధ్యాహ్నం నేను కోడిగుడ్లు ఒలుస్తుంటే వచ్చి పీట వేసుకుని కూర్చుంది.

"అవ్వా, ఈసారి కాగితం లేదు. నువ్వే నా కాగితం. నేను చెప్పింది ఇంటింటికీ చెప్పి రావాల."

"చెప్పు తల్లీ. గుడ్డు పగలకుండా వింటా."

డిసెంబరు అంతా పొద్దున ప్రార్థన వరండాలో కాదు, ఎండ పడే గోడ దగ్గర. పిల్లల చెవులకు గుడ్డ కట్టి పంపాలి, చన్నీళ్లతో తల తడిపి పంపొద్దు. రాగిజావ ఇచ్చే రోజుల్లో బడి గంట కొట్టకముందే రావాలి, చల్లారితే తాగరు. బుధవారం కళ్లు చూసే డాక్టర్లు వస్తారు. క్రిస్మస్ సెలవులకు ముందు ఆటపాటలు ఉంటాయి, గొర్రెల కాపరుల వేషానికి పాత దుప్పట్లు కావాలి. ఇవన్నీ చెప్పి టీచర్ గొంతు తగ్గించింది.

"చివరిది అన్నిటికంటే ముఖ్యం అవ్వా. పత్తితీతకు, మిరపకోతకు పోయేవాళ్ల పిల్లలు ఈ నాలుగు నెలలు ఇక్కడే బడిలో ఉండి చదువుకునేదానికి పర్మిషన్ వచ్చింది. రాత్రికి ఆయా తోడు పడుకుంటది. మూడు పూటలా నువ్వే వండాల. ఇంటి పెద్దవాళ్లు ఎవరైనా వచ్చి శుక్రవారం నాలుగు లోపల సంతకం పెట్టాల. ఆ లిస్టు నేను మండలంలో ఇచ్చేస్తా. పిల్లలకు మాత్రం చెప్పొద్దు. నిరుడు ముందే చెప్పి ఆశపెట్టినా, పర్మిషన్ రాలే. ఆ ఏడుపు మళ్లా నేను చూడలేను."

ఆ సాయంత్రమే బయలుదేరాను. వరసగా ప్రతి గడప దగ్గరా ఆగి, ఒక్క మాట పొల్లు పోకుండా అప్పజెప్పాను. పిల్లల చెవిన పడకుండా చివరి మాట ఎవరితోనూ అనొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను. కొందరు మంచం వాల్చారు, కొందరు టీ ఇచ్చారు. అట్లా నడుచుకుంటూ కృష్ణమ్మ ఇంటి ముందుకు వచ్చేసరికి నా కాళ్లు ఆగాయి.

కృష్ణమ్మ నాకు వదినె వరస. మా ఇద్దరికీ నాలుగేళ్లుగా మాటల్లేవు. బడిలో వంటపనికి ఆమే ముందు దరఖాస్తు పెట్టుకుంది. నేను వెనక పెట్టాను. పని నాకు వచ్చింది. నేను ఎవరి కాళ్లూ పట్టుకోలేదు, అయినా ఆమె అట్లాగే అనుకుంది. ఆ పని రాక ఆమె కొడుకు జయపాల్‌తో, కోడలితో పాటు కోతలకు పోవడం మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరూ మిగలరు గనక నాలుగో తరగతి చదివే మనవరాలు ఫెబీ కూడా వాళ్ల వెంటే.

మా పేటలో మాటల్లేనివాళ్లు ఒకరికొకరు కబురు చెప్పుకోవాల్సి వస్తే మధ్యలో ఏదో ఒకటి పెట్టుకుంటారు. మేకో, కోడో, అవీ లేకపోతే గోడో. మా అత్త తన తోడికోడలితో మూడేళ్లు రోలును అడ్డం పెట్టుకుని మాట్లాడింది. పంతం పంతమే, పని పనే. కృష్ణమ్మ వాకిట్లో చేట పట్టుకుని జొన్నలు చెరుగుతోంది. గుంజకు మేక కట్టేసి ఉంది. నేను మేకను చూసి మొదలుపెట్టాను.

"ఏమే మేకా, రేపటినుంచి చెవులకు గుడ్డ లేకుండా పిల్లను బడికి పంపొద్దంట. టీచరమ్మ చెప్పమనింది."

కృష్ణమ్మ చేట ఆపకుండానే అందుకుంది. "మేకా, మన పిల్లకు చెవులుండే సంగతి మనకు తెలవదంట. బడినుంచి వచ్చి చెప్తన్నారు."

"తల తడిపి పంపొద్దంట మేకా."

"గరిటె చేతికొచ్చినంక కొందరికి నోరు గూడ పెద్దదైంది మేకా."

నేను పళ్లు కొరుక్కుని, జావ సంగతి చెప్పి, డాక్టర్ల సంగతికి వచ్చాను. "బుధవారం కండ్లు చూసేవాళ్లు వస్తారంట. మంటలున్నోళ్లు చూపించుకోవచ్చు."

"ఎవురి కండ్లు మండినాయో, మండిచ్చినోళ్లు ఎవురో పైనున్న దేవుడికి తెలుసులే మేకా. ఒకరి నోటికాడి కూడు లాక్కున్నోళ్లు ఇంటింటికీ తిరిగి బుద్ధులు చెప్తన్నారు!"

అదిగో, ఆ మాటతో నాకు నషాళానికి ఎక్కింది. "నీకూ నీ యజమానురాలికీ ఒక దండం మేకా" అనేసి, కొంగు దులుపుకుని వచ్చేశాను. దుప్పట్ల సంగతి చెప్పలేదు. చివరి మాటా చెప్పలేదు.

ఇంటికి వచ్చాక గుర్తు రాలేదా అంటే, వచ్చింది. నాకు మరుపు లేదని చెప్పాను కదా. రేపు చెబుదాంలే అనుకున్నాను. మంగళవారం అనుకున్నాను, బుధవారం అనుకున్నాను. గురువారం కృష్ణమ్మ బడి ముందు నుంచే పోతుంటే కూడా చూసి, పప్పులో గరిటె తిప్పుతూ కూర్చున్నాను. తననే వచ్చి అడగనీ, అనుకున్నాను. తెలియని సంగతి ఎవరైనా ఎట్లా అడుగుతారు?

శుక్రవారం మధ్యాహ్నం టీచర్ లిస్టు పట్టుకుని పాకలోకి వచ్చింది.

"ఆరుగురు పెట్టినారు అవ్వా. ఫెబీ వాళ్లే రాలేదు. వాళ్లకు చెప్పినావు గదా?"

"చెప్పినా."

"వద్దన్నారా?"

నేను పొయ్యి ఊదుతున్నట్టు పొగలో తల దూర్చాను. "ఏమోనమ్మా."

"సరేలే. బలవంతం చెయ్యలేం" అని ఆమె లిస్టు మడుచుకుంది.

కాసేపటికి పిల్లలు పళ్లేలతో వరస కట్టారు. ఫెబీ అందరికంటే వెనక నిలబడింది. బక్కపిల్ల, కళ్లు మాత్రం ఇంతేసి. దాని వంతు వచ్చాక గుడ్డు వేశాను. కదలలేదు.

"ఇంకా ఏమన్నా కావాలా?"

"ఒద్దవ్వా. రేపు మేం టెంపో ఎక్కుతన్నాం. నా పళ్లెం కడిగి లోపల పెట్టి పోతా."

"మంచిది."

"నిరుడు లెక్కల్లో భాగారాలు మొదలుపెట్టినప్పుడే పోయినా. వచ్చేసరికి అందరికీ వచ్చేసినాయి. ఈసారి గూడ టీచరు నిన్ననే భాగారాలు మొదలుపెట్టింది. కోతల కాడ మర్చిపోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలవ్వా?"

"టీచర్నే అడగరాదా?"

"అడిగితే ఏడుపొస్తది" అని, పళ్లెం పట్టుకుని ఎండలోకి పోయి కూర్చుంది.

నిరుడు మార్చిలో ఆ పిల్ల తిరిగొచ్చినప్పుడు మిరపఘాటుకు కళ్లు వాచి, పుస్తకం తెరిస్తే నీళ్లు కారేవి. అదంతా చూసిన దాన్ని. చూసి కూడా నోరు కట్టుకున్న దాన్ని. గరిటె తీసుకుపోయి టీచర్ చేతిలో పెట్టాను.

"మిగతావాళ్లకు నువ్వు వడ్డించు తల్లీ. ఫెబీ వాళ్లకు ఆ సంగతి నేను చెప్పలేదు. నీతో అబద్ధం చెప్పినా."

టీచర్ నోరు తెరిచేలోపల నేను వాకిలి దాటాను. తిట్లు తర్వాతైనా తినొచ్చు, నాలుగు గంటల గడువు మాత్రం ఆగదు.

కృష్ణమ్మ ఇంట్లో ఒక్కతే ఉంది. కొడుకూ కోడలూ సామాన్లకని కంభం పోయారు. నేల మీద దుప్పటి పరిచి బొంతలు మూట కడుతోంది. మేకను అప్పుడే అమ్మేసినట్టున్నారు, గుంజ ఖాళీగా ఉంది. నన్ను చూసి, పక్కనున్న నీళ్లబిందె వైపు తిరిగింది.

"బిందే, ఎవురో దారి తప్పి వచ్చినట్టుండారు."

"బిందెతో కాదు, నాతో మాట్లాడు వదినె. నాలుగు దాటినంక నీ ఇష్టం, బిందెతోనే మాట్లాడుకో."

ఆమె చెయ్యి మూట మీద ఆగింది. నేను నిలబడే మొత్తం చెప్పాను. పర్మిషన్ సంగతి, ఆయా సంగతి, సంతకం సంగతి. సోమవారం చెప్పాల్సింది కోపంతో మింగేశానని కూడా చెప్పాను.

"సోమవారమే తెలుసా నీకు?"

"తెలుసు."

"ఐదు దినాలు కడుపులో పెట్టుకున్యావా?"

"పెట్టుకున్యా."

ఆమె నేల మీద కూలబడింది. "నా మీద కోపముంటే నన్ను తిట్టు, కొట్టు. దాన్ని పసిబిడ్డ మీద చూపిచ్చినావే కరుణా."

నాలుగేళ్ల తర్వాత ఆమె నా పేరు పిలవడం అదే. తప్పు నాదే అని కూడా అనలేకపోయాను, తలుపు పట్టుకుని నిలబడ్డాను.

బొంత ఒకటి ఒళ్లోకి లాక్కుని ఆమే అంది. "చలికి దానికి పిల్లికూతలొస్తాయి. పక్కన నేను లేకపోతే ఎవురు లేస్తారు?"

"ఆయాకు చెప్తా. నేను గూడ పక్కనే పడుకుంటా."

"నీ చేతి కూడే గదా తినాల్సింది."

"నా చేతిదే. ఉప్పు తక్కువేస్తానని ఊరంతా చెప్పినావు, తెలుసులే."

"తక్కువెయ్యవా మరి?" అంటూ కళ్లు తుడుచుకుంది. లేచి కాళ్లు కడుక్కుని, మూటలోంచి ఉతికిన కోక తీసి కట్టుకుంది. నాతో కలిసి నడవలేదు, పదడుగులు ముందు నడిచింది.

బడిలో షాహీన్ టీచర్ చేతికి సాంబారు అంటుకుని ఉంది. నా వైపు చూడకుండానే లిస్టు విప్పి, ఏడో పేరు రాసింది. కృష్ణమ్మ వేలిముద్ర వేసింది. "కొడుకు ఏమంటాడో" అని టీచర్ అడిగితే, "ఏమంటాడు? పిల్లను తీసుకపోయేటప్పుడు నిరుడు వాడే గదా టెంపోలో మొహం తిప్పుకుని ఏడ్చినోడు" అంది.

తర్వాత ఫెబీని పిలిచింది. "రేపు నువ్వు రావద్దులే. బడికాడనే ఉండు."

పిల్ల ఒకసారి టీచర్ని చూసింది, ఒకసారి నన్ను. "మరి నువ్వు జేజీ?"

"నాకు భాగారాలు రావు గదా. నేను పోవాల్సిందే."

ఫెబీ ఆమె కోకలో మొహం పెట్టింది. ఎంతసేపు ఏడ్చిందో చెప్పగలను గానీ, చెప్పను.

శనివారం తెల్లారాక చర్చి ముందు టెంపో ఆగింది. సామాన్లు ఎక్కిస్తుంటే కృష్ణమ్మ నన్ను పక్కకు లాగింది. ఇక మొదలుపెట్టింది చూడండి, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. కిటికీ దగ్గర పడుకోబెట్టొద్దు. తల కింద రెండు బొంతలు పెట్టాలి. దగ్గు తెల్లవారుజామున లేస్తుంది, అప్పుడు వాము, బెల్లం వేసి కాచిన నీళ్లు తాగించాలి. కంభం డాక్టరు ఇచ్చిన పీల్చే మందు ఎర్రసంచిలో ఉంది. బాగలేకపోతే ఆ పిల్ల చెప్పదు, మాట్లాడటం మానేస్తుంది, అప్పుడు మనమే అడగాలి.

నేను నేరుగా బడికి పోయి అదంతా టీచర్‌కు అప్పజెప్పాను. శుక్రవారం నుంచి ఆమె నాతో ముక్తసరిగా ఉంది. ఇది వింటూ వింటూ పెన్ను తీసి రాసుకుంది. రాసి, చాలాసేపు ఆ కాగితాన్నే చూసింది.

"మనం చెప్పడమే గానీ, వాళ్లను ఒక్క మాటన్నా అడిగినామా అవ్వా? మిగతా ఆరుగురి సంగతి మనకేం తెలుసు?"

"పాల్ రాజు వాళ్లు ఇంకా బయలుదేరలేదు. ఇప్పుడే పోయి అడిగొస్తా."

"ఈసారి అన్ని ఇండ్లకూ పోతావా?"

"పోతా తల్లీ" అన్నాను. ఆ మాట పడాల్సిందే, పడ్డాను.

ఆదివారం సాయంత్రం దీపాలు పెట్టేవేళకు నా ఫోను మోగింది. అవతల టెంపోల చప్పుడు, ఎవరో ఎవరినో కేకేస్తున్నారు.

"తినిందా?" కృష్ణమ్మ గొంతు.

"తినింది. గుడ్డులో పచ్చసొన పక్కన పెట్టింది."

"దగ్గిందా?"

లేదని చెబితే ఆమె ఆ రాత్రి నిద్రపోయేది. నోటిదాకా వచ్చింది.

"తెల్లారుజామున రెండుసార్లు దగ్గింది. వాము నీళ్లు తాపినా. మందు పీల్పిచ్చినా. కూతలు తగ్గినాయి, ఏడింటికి లేచి జావ తాగింది."

అవతల ఎవరో ఆమెను పిలిచారు.

"రేపు గూడ చెప్పు" అంది, పెట్టేసింది.