బయ్యప్ప బావిలో సుడి

లక్ష్మీనరసమ్మకు ఆ ఎండాకాలం అన్నం సయించలేదు. బెంగళూరులో రాకెట్ ఇంజన్ల మీద పరిశోధన చేసే పిల్ల, జంగమకోటె దగ్గరి సొంత ఊరికి సెలవులకని వచ్చి, పట్టుపురుగుల తట్టల మధ్య కాగితాలు పరుచుకుని కూర్చుంది. పురుగులు ఆకు నములుతుంటే ఇల్లంతా వాన పడుతున్నట్టు చప్పుడు. ఆమెకు అదీ వినిపించడం లేదు.

పట్టుకున్న సమస్య చెప్పుకోవడానికి చిన్నదే. ఇంజన్‌లో ఇంధనాన్ని మండించే ముందు సన్నటి గొట్టంలో గిర్రున తిప్పి వదులుతారు. అలా తిరిగే ద్రవం నడిమధ్యన గాలి ఒక స్తంభంలా నిలుస్తుంది. అది నిలకడగా ఉంటే మంట నిలకడగా ఉంటుంది. చెదిరిందా, ఇంజన్ వణికి పగిలిపోవచ్చు. నిలుస్తుందని నరసమ్మ లెక్క ఘంటాపథంగా చెబుతోంది. ప్రయోగశాలలో గాజు గొట్టంలో మాత్రం, సుడి జోరు పెంచగానే చెదిరిపోతోంది.

"తప్పెక్కడుందో సోమవారానికల్లా పట్టుకురా. లేకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తాను," అన్నారు ప్రొఫెసర్. అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాదాయన. నరసమ్మ లెక్కను తిరగేసి బోర్లేసి చూసింది. ఒక్క గుర్తు కూడా తప్పు లేదు. తప్పుంటే దిద్దుకోవచ్చు, తప్పే దొరకని లెక్కను ఏం చేసుకోవాలి? ఏడుపొచ్చింది పిల్లకు.

ఆదివారం పొద్దున బావి దగ్గర్నుంచి తండ్రి బయ్యప్ప కేక వేశాడు. "మోటారు గాలి పీలుస్తాండాది! ఎవురన్నా బావిలోకి దిగి చూడండి, నేను స్విచ్చి కాడ ఉండాను!"

తల్లి చేతుల నిండా మల్బరీ ఆకు. విసుక్కుంటూ నరసమ్మే మెట్లు దిగింది.

నీళ్లు అడుగంటాయి. పైపు మూతి మీద నీళ్లు గిర్రున తిరుగుతున్నాయి. నడుమ వేలంత లావున గాలి, నీటి మీది నుంచి పైపు మూతి దాకా నిట్టనిలువుగా. తను రెండేళ్లుగా కాగితం మీద గీస్తున్నది ఇదే కదా! చూస్తుండగానే నీళ్లు ఇంకాస్త దిగాయి, సుడి జోరెక్కింది. ఆ గాలి స్తంభం ఉబ్బలేదు, సన్నబడలేదు. పక్కకు ఒరిగింది. ఒరిగి, పేనిన తాడులా మెలికలు తిరిగి ముక్కలైంది. మళ్లీ నిలువుగా లేచింది, మళ్లీ ఒరిగింది.

నరసమ్మ తన లెక్కలో ఆ స్తంభాన్ని చుట్టూ సమానంగా ఉబ్బనిచ్చింది, సమానంగా నొక్కుకోనిచ్చింది. పక్కకు ఊగనిచ్చిందా? ఊగుతుందేమోనని అడగనైనా అడగలేదు!

"నిలిపేస్తాండానమ్మా! మోటారు కాలిపోతాది!" పైనుంచి బయ్యప్ప.

"వద్దప్పా! నిలపొద్దు! నీ కాళ్లు మొక్కుతా, ఇంకొంచేపు నిలపొద్దప్పా!"

బావంతా మారుమోగింది. మోటారు ఊళలు పెడుతోంది, కమురు వాసన కిందికి దిగుతోంది. మెలిక ఏ పక్కకు తిరుగుతోందో, ఎక్కడ మొదలవుతోందో కళ్లతోనే జుర్రుకుంది నరసమ్మ. "చాలప్పా!" అన్నాకనే చప్పుడు ఆగింది.

కాగితాల ముందు కూలబడి, స్తంభం పక్కకు ఊగడానికి చోటిచ్చి లెక్క మళ్లీ వేసింది. అన్నానికి పిలిస్తే కసురుకుంది. ఎండ వాలేసరికి జవాబు వచ్చింది. సుడి జోరు ఒక హద్దు దాటితే ఆ ఊగు పెరుగుతూనే పోతుంది. ఆ హద్దు కూడా అచ్చంగా గాజు గొట్టంలో చెదిరిన చోటే! ఎగిరి గంతేసి బావి దగ్గరికి పరుగెత్తింది.

"దొరికిందప్పా! నిలవదు! నిలవనే నిలవదు!"

బయ్యప్ప పంపు విప్పుకుని కూర్చున్నాడు. "నిలవకపోతే అంత సంబరమేందమ్మా?"

"ఎందుకు నిలవదో తెలిస్తేనే గదప్పా, నిలిపే దారి దొరికేది!" అంటూనే ఆయన చేతులు చూసింది. మోచేతుల దాకా మసి. పంపులో వాషర్లు మాడి బొగ్గయ్యాయి. నవ్వు సగంలో ఆగింది. "నేనేం చూస్తాండానో నీకు తెలీదు గదా. ఎందుకు నిలపకుండా ఉండావప్పా? మోటారే పోయింటే?"

"పుట్టినప్పుట్నుంచి ఈ ఇంట్లో నువ్వు ఇది కావాలని నోరు తెరిచి అడిగిందే లేదు," అన్నాడు బయ్యప్ప, తల ఎత్తకుండా. "ఈ పొద్దు అంత గట్టిగా అరిచి అడిగితివి. నిలిపేదానికి నాకు చెయ్యి ఎట్లా ఆడతాదమ్మా?"