మైనా ఇక కంపెనీలకే

వాసవి వస్తోందని తెలిసిన దగ్గర్నుంచీ మనోహర్‌కి కాలు ఒకచోట నిలవలేదు. వచ్చేది తనకోసం కాదని తెలుసు. భిలాయ్ పక్కనున్న జాముల్‌లో సిమెంటు సంచులు నేసే కర్మాగారంలో కంప్యూటర్ల వ్యవహారమంతా చూసేది మనోహరే. ఆ కర్మాగారానికి మైనాని అమ్మడానికి మైనాని తయారుచేసే పుణె కంపెనీ తరఫున వస్తోంది. అమ్మడానికట! మైనాని!

ఎందుకంత ఆశ్చర్యమంటే, మైనా ఒకప్పుడు అమ్మే సరుకు కాదు. కంప్యూటర్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ అది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపలి కోడ్ చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కింటివాళ్ళకి పంచొచ్చు. కాలేజీ రోజుల్లో ఆదివారం వచ్చిందంటే మనోహర్, వాసవి భిలాయ్ ఉక్కు కర్మాగారంవాళ్ళ సెక్టర్ 4 క్వార్టర్లన్నీ కలియదిరిగేవారు. ఎవరింట్లో డొక్కు కంప్యూటర్ మూలపడి ఉన్నా దానికి మైనా ఎక్కించి లేపి కూర్చోబెట్టేవారు. రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్న పెద్దవాళ్ళు విసుక్కునేవారు, వాళ్ళ ఇల్లాళ్ళు టీ పెట్టిచ్చేవారు. అలాంటి ఓ ఇంట్లో సింహాచలమ్మగారని ఓ పెద్దావిడ, "ఇది మన బాసలో మాటాడదేటమ్మా?" అని అడిగింది. అంతే, వాసవికి పిచ్చి పట్టుకుంది. మైనాలో ఉన్న ప్రతి మాటా తెలుగు చేసెయ్యాలి!

వాసవి విజయనగరంలో పదో తరగతి దాకా చదివి, తండ్రి ఉద్యోగం మీద భిలాయ్‌లోని రుఆబాంధా పేటకి వచ్చిన పిల్ల. తెలుగు గడగడా చదివేది. మనోహర్ భిలాయ్‌లో పుట్టినవాడు. ఇంట్లో మాట్లాడడమే గాని ఒక్క అక్షరం రాదు. ఆమె పక్కన కూర్చోవాలంటే అక్షరాలు రావాలి కదా, నేర్చుకున్నాడు. ముక్కుతూ మూలుగుతూ గుణింతాలు దిద్దాడు. ఓ చలికాలమంతా ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చుని 'సేవ్'ని 'దాచు' అన్నారు, 'డిలీట్'ని 'తీసెయ్' అన్నారు. తర్వాత ఆమెకి పుణెలో ఆ మైనా కంపెనీలోనే ఉద్యోగం వచ్చింది. దుర్గ్ స్టేషన్లో తనే రైలెక్కించాడు. ఉండిపో అందామనుకుని, పెట్టె జాగ్రత్త అన్నాడు. ఎంత మొద్దావతారమో చూడండి! ఆమెకి అక్కడే పెళ్ళయింది. ఇతనికి కాలేదు. అడిగేవాళ్ళు కూడా అడగడం మానేశారు.

ఇద్దరూ కలిసి చేసింది ఆ తెలుగొక్కటే. అదెక్కడో బతికుందనుకుంటే మనోహర్‌కి ప్రాణం కుదుటపడేది. ఇప్పుడదీ పోయేలా ఉంది. ఇళ్ళకిచ్చే మైనాని ఆపేస్తున్నారు. ఇకమీదట ఫ్యాక్టరీలకీ ఆసుపత్రులకీ మాత్రమే, అదీ ఏటా చందా కడితేనే. కట్టేవాళ్ళు అడిగిన భాషలే కొత్త మైనాలో ఉంటాయి. తెలుగుని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కోడ్ అందరిదే కదా, పట్టుకుపోయి సొంతంగా నడుపుకోవచ్చు కదా అంటారా? నడపడానికి మనుషులుండాలి. ఆదివారాలు తిరిగిన వాళ్ళంతా ఎవరి బతుకుల్లో వాళ్ళు పడ్డారు. అందుకే మనోహర్ కంపెనీకి మెయిలు మీద మెయిలు రాశాడు. కొనేవాడే అడగాలన్నారు. సరే, తనే కొనేవాడి తరఫున అడుగుతాడు!

వాసవి వచ్చింది. చెంపల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు.

"బాగున్నావేటి మనోహర్?"

"బాగానే ఉన్నాను. నువ్వే సిక్కిపోనావు."

అంతలోనే మేనేజరు సాహూజీ వచ్చి కూర్చున్నాడు. మనోహర్ హిందీలో మొదలెట్టాడు. మగ్గాలమీద సగం మంది శ్రీకాకుళం వాళ్ళేననీ, తెలుగుంటే పని సులువవుతుందనీ చెప్పాడు. సాహూజీ మంచివాడే. మగ్గం దగ్గర్నుంచి అప్పలసూరిని పిలిపించి, నీకే భాష కావాలని అడిగాడు.

అప్పలసూరి మనోహర్ వైపు తిరిగి నసిగాడు. "మాటాడతాం గానీ సదవడం ఎక్కడొచ్చు భయ్యా? మా పిల్లలకీ హిందీయే వొస్తాది. హిందీ ఎట్టించీ."

మనోహర్ ఆ మాట హిందీలో చెప్పక తప్పలేదు. సాహూజీ నవ్వేశాడు. "సరే భాయ్, నువ్వు చదువు. ఈ ఫ్యాక్టరీలో చదవగలిగినవాడు ఒక్కడున్నా చాలు, ఆర్డర్లో తెలుగు రాసేస్తాను" అన్నాడు హిందీలో.

వాసవి గబగబా తన లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. తెరంతా తెలుగే. చదివెయ్ అని ఆమె కళ్ళే బతిమాలుతున్నాయి.

మనోహర్ తెరకేసి వంగాడు. "మా... మా..." ఆ పక్క అక్షరం కింద ఏదో వొత్తు. చ వొత్తా, వ వొత్తా? ఎంత చూసినా పోల్చుకోలేకపోయాడు. ఇంటి కంప్యూటర్లో ఏనాడో హిందీ పెట్టుకున్నాడు. అందరిళ్ళలోనూ, పిల్లలకి తేలికని, తన చేత్తోనే హిందీ పెట్టాడు. తెలుగు ఉండాలనుకున్నాడే గాని, తెరిచిందెప్పుడు?

"అయితే హిందీయేనా?" అన్నాడు సాహూజీ.

వాసవి తలవంచుకుని ఆర్డర్లో హిందీకే టిక్కు పెట్టింది.

గేటు దాకా సాగనంపడానికి వెళ్ళాడు మనోహర్. ఇద్దరూ కారు కోసం నిలబడ్డారు.

"ఎప్పట్నుంచి సదవడం మానీసినావు?" అంది.

"నువ్వు రైలెక్కినప్పట్నుంచి."

"మరి తెలుగు ఉంచమని అన్నేసి మెయిళ్ళెందుకు రాసినావు?"

"దాన్లో నువ్వున్నావని."

ఇన్నేళ్ళకి నోరు పెగిలింది మహానుభావుడికి. వాసవి లాప్‌టాప్ సంచిమీద పడ్డ సిమెంటు లారీల దుమ్ము దులిపింది.

"ఏ బాస ఎంతమంది వాడతన్నారో మాకు ఆఫీసులో తెలుస్తాది మనోహర్. తెలుగులో ఒక్క మిషనే కనపడేది. అది నాదే." "రోజూ చూసీదాన్ని, రెండోది వొస్తాదేమోనని. వొస్తే అది నీదే అవుతాది కదా. పెళ్ళికి ముందు మరీ చూసీదాన్ని."

కారొచ్చింది. ఎక్కి తలుపేసుకుంది, వెనక్కి చూడలేదు.

మనోహర్ అక్కడే నిలబడిపోయాడు. ఏం అడిగింది గనక ఆ పిల్ల? సెక్టర్ 4లో తన ఇంట్లో, తన కుర్చీలో కూర్చుని, ఏదో ఒక రోజు భాషని తెలుగుకి మార్చుకుంటే సరిపోయేది.