తల్లి పేరుతో పడుకున్న పిల్ల

విజయనగరంలోని ఆ నర్సింగు బడిలో మధ్యాహ్నం భోజనాలయ్యాక రోగి పాఠం ఉండేది. మేడ మీది ఇనుప మంచం మీద ఒక పిల్ల రోగిగా పడుకుంటే, ఇంకో పిల్ల నర్సుగా సేవ చేయాలి. కింది వార్డులో ఉన్న ఎవరో ఒకరి పేరు చెప్పి పడుకోబెట్టేది కన్యాకుమారి టీచరు. తలగడకి తల ఆనగానే వాళ్ళ రోగం ఈ పిల్లకొచ్చేసేది. కింద అసలు రోగికి ఆ గంటసేపూ హాయి. గంట కొట్టాక నర్సు పిల్లో, మరెవరో ఈమెని సొంత పేరుతో పిలిస్తే లేచి కూర్చునేది, రోగం కిందికి పోయేది. కలరా వంతు వస్తుందని తెలిస్తే పిల్లలు ఆ పూట అన్నం మానేసేవారు, అంతే.

ఆ బడి పిల్లల్లో ఒకతె తాయారు. ఆ ఏడు ఊడ్పుల్లో కాలికి మేకు దిగి, ఆమె తల్లి సింహాచలానికి ధనుర్వాతం వచ్చింది. దవడలు బిగుసుకుపోయాక తెచ్చి కింది వార్డులో చేర్చారు. డాక్టరు పెదవి విరిచాడు. ఆ మధ్యాహ్నం తాయారు ఎవరినీ అడక్కుండా తల్లి పేరు చెప్పుకుని మంచమెక్కింది.

నర్సు వంతు చిన్నతల్లిది. చూస్తుండగానే స్నేహితురాలి నడుం పరుపుకి ఆనకుండా పైకి లేచిపోయింది. కింది నుంచి సింహాచలం గంజి అడుగుతున్న గొంతు వినిపించింది. గంట కొట్టారు. చిన్నతల్లి నోరు తెరిచింది. తాయారు కళ్ళు వద్దన్నాయి. ఎవరైతే మాత్రం పిలవగలరు!

టీచరు కిటికీలు మూయించింది. వెలుతురు పడితే ఈడ్పులు ఎక్కువవుతాయి కదా. కింద సింహాచలం లేచి తిరిగింది. కూతురేదని అడిగితే, సాలూరు డ్యూటీకి వెళ్ళిందని అందరూ ఒకే మాట చెప్పారు.

ఇంటికెళ్ళే రోజు కూతురి చీరలైనా చూసి పోదామని సింహాచలం మేడెక్కింది. చీకటి గదిలో మంచం మీద, కర్రలా బిగుసుకుపోయి కూతురు.

చిన్నతల్లి అడ్డంగా వచ్చి చేతులు పట్టుకుంది. "నీకు దణ్ణమెడతాను పిన్నీ, పేరెట్టి పిలవకు. పిలిస్తే నీ రోగం నీకొచ్చేస్తాది."

"ఏటే నువ్వు సెప్పేది? కన్నదాన్ని నేను. నేను పిలవకపోతే మరెవలు పిలుస్తారు?" అంది సింహాచలం. ఆ పిల్ల చేతులు మెల్లగా విడిపించుకుంది. "తాయారూ, లెగమ్మా."

తాయారు లేచింది. ఒంట్లో నొప్పి లేదు, ఆకలేస్తోంది. గుమ్మం దగ్గర తల్లి పళ్ళు బిగించి, పెదవులు చెంపల మీదికి సాగి, నవ్వుతోంది. ధనుర్వాతంలో ముఖం అలాగే ఉంటుందని తాయారు పాఠంలో చదువుకుంది. అయినా పరుగెత్తి వెళ్ళి, ఆ చెంపలు రెండు చేతులా రుద్దింది. సాయంత్రం కడసారి స్నానం చేయించేటప్పుడు కూడా రుద్దుతూనే ఉంది.

ఆ నవ్వు పోలేదు.