వరుసలో ఊద

మా అత్త నర్సింగమ్మకు కళ్ళు మసకేసి నాలుగేళ్ళయింది. అయినా ఏది వరో ఏది ఊదో ఆమెనే అడగాలి. లేతగా ఉన్నప్పుడు రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఆమె మాత్రం ఆకు కాండం కలిసేచోట బొటనవేలితో రాస్తుంది. చిన్న పొర తగిలితే వరి, నున్నగా జారితే ఊద కలుపు. ఆమె ఒడ్డున కూర్చొని నారు కట్టకట్టా తడిమి ఊదను ఏరేశాకే మా మడిలో నాటు మొదలయ్యేది.

ఆ ఏడు గ్రామసేవక్ చెప్పాడని నా భర్త గుర్వయ్య తాడు పట్టించి వరుసనాటు వేయించాడు. నల్గొండ నుంచి చక్రాల యంత్రం తెచ్చాడు. వరుసల మధ్య దాన్ని తోస్తే కలుపంతా బురదలో కలిసిపోతుందట. నీళ్ళు పారే మడి మాకు ఆ ఎకరమే. ఇంటిల్లిపాదికీ ఏడాది బువ్వ దాని మీదే. ఆయన ఆశపడటంలో తప్పేం లేదు. తప్పు నాది.

తాడు జరిగినప్పుడల్లా అటొకరు ఇటొకరు "ఉరుకుండ్రి, ఉరుకుండ్రి" అని కేకలు. కుంట నీళ్ళు మా వంతుకు సాయంత్రం దాకానే. ఒడ్డు మీంచి అత్త పిలిచింది.

"అమృతమ్మా, జర ఆగు. గీ కట్టల ఊద ఉంది, ఏరనీ."

నేనూ ఒక మొక్కను బొటనవేలితో రాసి చూశాను. ఉంది. "యంత్రం పీకుతది తియ్యత్తా" అని ఆమె చేతిలోంచి కట్ట లాక్కున్నాను. యంత్రం వరుసల మధ్య తిరుగుతుందే గాని, వరుసలో నిలబడ్డ మొక్కను ముట్టదని నా మట్టిబుర్రకు తట్టలేదు.

వరి ఇంకా పొట్ట మీదుండగానే ఊద కంకులు లేచాయి. మేం నాటినంత సూటిగా, వరుసల్లోనే.

"ఇప్పుడే పీకుండ్రి. పండితె రాలుతది" అన్నది అత్త.

"పదిహేను దినాలు ఆగమ్మా" అన్నాడు గుర్వయ్య. "చుట్టూర ఊర్లోళ్ళు వరుసలు చూడనీకె వస్తున్నరు. ఇప్పుడు పీకితె నడుమ నడుమ బొక్కలు పడ్తయి. నీకు కండ్లే కనవడయి, నీకేం ఎరుక?"

నాకు ఒళ్ళు మండింది. అందరికంటే ముందు పట్టింది ఆమేనని అరవాలనిపించింది. అరిస్తే నా సంగతి బయటపడుతుంది. నోరు మూసుకున్నాను, సిగ్గులేనిదాన్ని.

చెప్పిన రోజుకు జనం వచ్చారు. వరుసలు మెచ్చుకున్నారు. ఒకరిద్దరు కంకుల వంక చూసి నవ్వుకున్నారు కూడా. వాళ్ళు గట్టు దాటగానే నేనూ గుర్వయ్యా మడిలోకి దిగి ఊద పీకడం మొదలుపెట్టాం. ఒడ్డు మీంచి అత్త చెయ్యి చాపితే ఒక కంకి ఇచ్చాను. కింది నుంచి మీదికి బొటనవేలితో రాసింది. గింజ లేదు, ఉత్త ఈనె.

"రాలింది బిడ్డా" అన్నది. "మడంత రాలింది. ఇగ ఏండ్లకేండ్లు తీసినా ఒడువది."

గుర్వయ్య బురదలో అట్లాగే నిలబడిపోయాడు. "యంత్రం మోసం చేసిందమ్మా" అన్నాడు.

"యంత్రం కాదు" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు, మళ్ళీ చెప్పాను. "నాటునాడు అత్త చెప్పింది. నేనే ఇనలే. కట్ట గుంజుకున్న."

ఆయన నా వైపు చూడలేదు. తల్లి వైపూ చూడలేకపోయాడు.

అత్త చేతిలోని ఈనెను పారేసి, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టుకుంది.

"మల్ల నాటుకు నన్ను గూడ మడిలకు దింపుండ్రి" అన్నది. "ఒడ్డున గూసుంటె నా మాట మీకు ఇనవడ్తలేదు."