అనాదిబాబు సెలవు

శ్యాంబజారు సందులో అనాదినాథ్ సాన్యాల్ ఇంట్లో పొద్దుటిపూట జరిగే పనులకు ఏళ్ళ తరబడి మార్పు లేదు. భార్య తరులత లేచి రాతబల్ల తుడిచి, కలంలో సిరా నింపేది. ఆయన టీ తాగి, దగ్గుకుంటూ వచ్చి కూర్చునేవాడు. బెంగాల్లో ఆయన నవల లేని ఇల్లు లేదు. పెళ్ళిళ్ళలో వాటినే కానుకగా ఇచ్చేవారు. ట్రాములో పుస్తకం తెరిచిన ఆడపిల్లలు దిగాల్సిన చోటు దాటిపోయేవారు. దుర్గాపూజ ప్రత్యేక సంచికల ముందైతే ఒకేసారి మూడు పత్రికలకు మూడు నవలలు రాసేవాడు. ఒక నవలలో చచ్చిపోయిన పిల్ల ఇంకో నవలలో అదే పేరుతో పెళ్ళిపీటల మీద కూర్చునేది. ప్రెస్సువాళ్ళు సరిచేసుకునేవారు.

ఆషాఢంలో, పూజ నవల సగంలో ఉండగా, బల్ల దగ్గరే ఆయన నోట్లోంచి నెత్తురు పడింది. డాక్టరు వచ్చేలోపే ప్రాణం పోయింది. వానలో, తడికట్టెలతోనే నిమ్తలా ఘాట్‌లో దహనం చేసి వచ్చారు.

మర్నాడు పొద్దున తరులత రాతగది తలుపు తీసేసరికి ఆయన కూర్చుని రాస్తున్నాడు.

తమ్ముడు ఫణిభూషణ్ ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు. "అన్నయ్య వచ్చేశాడా? హమ్మయ్య. సిరా ఉందో లేదో చూడు వదినా."

ఫణికి వేరే సంపాదన లేదు. ఆ ఇల్లంతా ఆ కలం మీదే బతుకుతోంది. ప్రచురణకర్త బటకృష్ణ కుండు వచ్చి, సిరా ఆరిన కాగితాలు తిరగేసి, "ఆగిన వాక్యం దగ్గరే అందుకున్నాడయ్యా, ఎక్కడా అతుకు తెలియడం లేదు" అని మురిసిపోతూ పట్టుకుపోయాడు.

చిక్కు ఒక్క దగ్గరే వచ్చింది. తరులత ఇప్పుడు విధవా, కాదా? పురోహితుడు భట్టాచార్యగారు గుమ్మంలో నిలబడి అనాదిబాబు చెయ్యి కదలడం కాసేపు చూశాడు. "మొగుడు పనిలో ఉండగా పెళ్ళాం విధవ ఎట్లా అవుతుంది?" అని తేల్చి, దక్షిణ పుచ్చుకుని వెళ్ళాడు. ఆమె ముత్తయిదువ గుర్తుగా వేసుకున్న శంఖం గాజులు చేతికే ఉండిపోయాయి. సిందూరం పాపిట్లోనే ఉండిపోయింది. ఫణి స్వయంగా బజారుకు పోయి పులస చేప తెచ్చాడు.

అన్నదమ్ముల మేనత్త కాత్యాయని ఆ ఇంట్లోనే ఉంటుంది. ఊహ తెలియకముందే విధవై, చేప మానేసి, విడిగా పొయ్యి పెట్టుకుని, ఒంటిపూట తింటూ, ఏకాదశినాడు మంచినీళ్ళయినా ముట్టకుండా ముసలిదైపోయింది. ఆవిడ తరులత కంచంలో చేపముక్క వైపు చూసింది.

"అదృష్టవంతురాలివే. మా ఆయనకి అక్షరం ముక్క రాదు. వచ్చుంటే నేనూ తిందును."

"గొంతు దిగడం లేదు అత్తయ్యా."

"దిగేట్టు చేసుకో. నా బతుకులోకి రావాలని సరదా పడకు."

అనాదిబాబు తినడు, మాట్లాడడు, పడుకోడు. రాసేకొద్దీ ఒంట్లోంచి సన్నటి బూడిద కుర్చీ కింద రాలేది. సాయంత్రం తరులత చిమ్మి ఎత్తేది. పూజ నవల పూర్తయి ఆయన కలం దించబోతుంటే ఫణి కొత్త కాగితాలు ముందుకు తోశాడు.

"ఇంకొక్కటి అన్నయ్యా. వసంత సంచికకి మాటిచ్చేశాం."

ఆయన దించబోయిన కలం పైకెత్తాడు. మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు.

చలికాలానికి చొక్కాలో భుజాలు లేవు. ఎడమచెయ్యి మోచేతి దాకా రాలిపోయింది. తరులత చూపిస్తే ఫణి, "రాసేది కుడిచెయ్యే కదా వదినా" అన్నాడు.

ఒకరోజు చిమ్ముతుంటే ఒక కాగితం కిందపడింది. ఆయన నవలలు అచ్చయ్యాక అందరితోపాటు చదవడమే తప్ప, రాతప్రతి ఆమె ఎన్నడూ ముట్టుకోలేదు. ఇప్పుడు తీసి చదివింది. అధ్యాయం చివర ఒక ముసలి పంతులు గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడి "వెళ్ళొస్తాను" అంటాడు. లోపల్నుంచి ఎవరూ పలకరు. ఆమె అంతకుముందు కాగితాలు తీసింది. అక్కడ ఒక పడవవాడు. దానికి ముందు ఒక కొత్తకోడలు. ప్రతి అధ్యాయంలోనూ ఎవరో ఒకరు గడప దగ్గర నిలబడి సెలవు అడుగుతున్నారు. వెళ్ళిరమ్మన్న మాట ఎక్కడా లేదు.

ఆమె తిన్నగా మరిది దగ్గరకు వెళ్ళింది. "చాలు ఫణీ. ఆయన్ని పోనివ్వు."

"మతి ఉందా వదినా? ఆయన పోతే నీ గతేమిటో ఆలోచించావా? తెల్లచీర కట్టుకుని ఓ మూల కూర్చుంటావా?"

"మనిషి రాలిపోతున్నాడు."

"బతికున్నప్పుడు మాత్రం రాలిపోలేదా? రోజూ సిరా పోసింది ఎవరు?"

ఆ తరువాత కూడా కొన్నాళ్ళు ఆమె పోస్తూనే ఉంది.

మాఘంలో ఒక మధ్యాహ్నం, ఫణి అన్నం తిని నిద్రపోతున్నప్పుడు, తరులత స్నానం చేసి ఎర్రంచు చీర కట్టుకుని ఆ గదిలోకి వెళ్ళింది. కాగితం మీదికి వంగిన ఆ తల దీపం మసిలా నల్లగా ఉంది.

"ఇటు చూడండి" అంది.

కలం ఆగింది. పెళ్ళయినప్పట్నించీ దాన్ని ఆపమని ఆమె అడగడం అదే మొదలు.

"వెళ్ళిరండి" అంది. మళ్ళీ గట్టిగా అంది. "ఇక్కడ పనయిపోయింది. నా సంగతి నేను చూసుకుంటాను. వెళ్ళిరండి."

ఆయన కలానికి మూత పెట్టబోయాడు. ఒంటిచేత్తో కుదరలేదు. ఆమె పెట్టింది. మూత బిగించి తలెత్తి చూస్తే కుర్చీలో చొక్కా, ధోవతీ ఉన్నాయి.

బూడిద గంగలో కలిపి, ఆ రేవు మెట్లమీదే గాజులు పగలగొట్టుకుని, పాపిట కడుక్కుని, తడిబట్టలతో తిరిగొచ్చింది. కాత్యాయని తన చీర ఒకటి తెచ్చి ఇచ్చి, అది కట్టుకునేదాకా గోడవైపు తిరిగి నిలబడింది.

ఫణి అరిచాడు, తల బాదుకున్నాడు, ఆమె పెట్టె తీసుకెళ్ళి మెట్లకింది గదిలో పడేశాడు. మర్నాడు కుండు సగం నవల చేత్తో పట్టుకుని వచ్చి, ఆ గది ముందు నిలబడ్డాడు.

"ఇదెట్లా అచ్చెయ్యనమ్మా? ఆఖరి పేజీలో ఆ మనిషి ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. చదివేవాళ్ళు ఊరుకుంటారా? ఇంతకీ వెళ్ళాడా లేదా?"

"వెళ్ళాడు."

"ఎవరు వెళ్ళిరమ్మన్నారు?"

"నేను" అంది తరులత తలుపు వెనకనుంచి.