కట్టుపట్టీల లెక్క

అట్టపెట్టెలు చేసే ఆ కార్ఖానా గేటు దగ్గర ఒక బోర్డు ఉండేది. పైన "ప్రమాదం లేని రోజులు" అని రంగుతో, కింద సుద్దతో అంకె. ఆ ఉదయం అంకె నూట తొంభై ఎనిమిది. రెండు వందలు నిండితే నలభై మందికీ జీతంతో ఒకరోజు సెలవని యజమాని మాటిచ్చాడు. చిన్న గాయం పుస్తకంలోకి ఎక్కినా అంకె మళ్ళీ సున్నాకి వస్తుంది. అందుకే అన్ని రోజులుగా అక్కడ ఎవరికీ ఏ గాయమూ కాలేదు.

స్టోరు చూసే ఆవిడను అందరూ స్టోరక్క అనేవారు. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది అన్నదే ఆవిడ బతుకు. ఇంట్లో ఉప్పు డబ్బా ఊపి ఇంకెన్నాళ్ళు వస్తుందో చెప్పేది. మందుల పెట్టె, గాయాల పుస్తకం కూడా ఆవిడ దగ్గరే. ఎవరైనా వేలు పట్టుకుని వస్తే పట్టీ చుట్టి పంపేది. పుస్తకం తెరిచేది కాదు. ఒక వేలి కోసం నలభై మంది సెలవు పోగొట్టడం గిట్టే బేరం కాదనుకుంది.

ఆ రోజు కొత్త పట్టీలకు చీటీ రాస్తుంటే కలం ఆగింది. ఏడాది రావాల్సిన డబ్బా, మూడు నెలల్లో మూడు ఖాళీ. వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుంది. తొమ్మిది మందిదీ అట్టలు కోసే మూడో ప్రెస్సే. అందరికీ ఎడమ చెయ్యే. మొదట్లో గోటి అంచు, తర్వాత తోలు, పోయినవారం ఒకడికి గోరే లేచిపోయింది. దెబ్బ కొద్దికొద్దిగా లోపలికి నడుస్తోంది. పైగా అందరూ ఒకే మాట అన్నారు, "పెడలు మీంచి కాలు తీశానక్కా, అయినా అచ్చు దిగింది" అని. "నీ కాలికీ బుర్రకీ దూరమెక్కువ" అని నవ్వి పంపింది తనే. ఇప్పుడు తొమ్మిది మాటలూ ఒక్కచోట చేరేసరికి ఆవిడ కలం కింద పెట్టేసింది.

మూడు రోజులుగా ఆ ప్రెస్సు మీద ఉన్నది తన చెల్లెలి మొగుడు.

నేరుగా ప్రెస్సులుండే షెడ్డులోకి నడిచింది. పని జోరుగా సాగాలని, చేతికి అడ్డుగా ఉండాల్సిన ఇనుప జాలీని ఎవరో తీగతో పైకి కట్టేశారు. మరిది చెయ్యి లోపలికి పోతోంది, వస్తోంది. అచ్చు దిగుతోంది. పిలిస్తే తల తిప్పుతాడు, చెయ్యి లోపలే ఉండిపోతుంది. గోడకున్న మెయిన్ స్విచ్ లాగేసింది.

మోత తగ్గింది కానీ ప్రెస్సు పెద్ద చక్రం తిరుగుతూనే ఉంది. కరెంటు పోయిందిలే అనుకుని మరిది పెడలు వదిలి, ఇరుక్కున్న అట్ట లాగడానికి మోచేతి దాకా లోపలికి పెట్టాడు. ఆవిడ అటు పరుగెత్తింది.

"చెయ్యి తియ్!"

అతను అదిరిపడి వెనక్కి లాక్కున్నాడు. ఎవరూ తొక్కకుండానే అచ్చు దిగింది. అట్ట నున్నగా రెండు ముక్కలైంది.

మెకానిక్ విప్పి చూసి, అచ్చును పట్టుకుని ఆపే స్ప్రింగు విరిగిందన్నాడు. "ఎన్నాళ్ళైందో ఏమో" అన్నాడు. స్టోరక్కకు తెలుసు. మొదటి పట్టీ చుట్టిన రోజు నుంచి.

గేటు దగ్గరికెళ్ళి అంకె తుడిచి సున్నా వేసింది. జిగురు పూసే పెద్దాయన చూసి, "రెండ్రోజులాగితే నీ సొమ్మేం పోయేదమ్మా?" అన్నాడు. ఆవిడ స్టోరు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని, గాయాల పుస్తకం తెరిచి, దెబ్బ తగిలినవాళ్ళందరినీ వరసగా రమ్మంది. ఒకరి వెనక ఒకరు వచ్చి చేతులు చూపించారు. తొమ్మిదో పేరు రాసి, లెక్క సరిపోయిందని గీత కొట్టబోయింది.

పదోవాడు మరిది. ఎడమ చూపుడువేలికి చుట్టిన గుడ్డ విప్పాడు.

"ఇది నీ డబ్బాలోది కాదు వదినా. మీ చెల్లెలి పాత చీర ముక్క. నీకు చెప్పొద్దంది."

అతని వెనక వరస ఇంకా షెడ్డు మలుపు దాకా ఉంది.