గవ్వలపేటలో నేను కూసిన రెండు కూతలు

నేను ఒక ఇనప గొంతుని. మూడు కాళ్ల స్టాండు, పక్కన చేతిపిడి, ముందు వెడల్పాటి మూతి. పిడి తిప్పితే ఊరంతా అదిరేలా కూస్తాను. తిప్పకపోతే ఇంట్లో ఉన్నట్టే తెలియదు. ఈ గుణం మనుషుల్లో అరుదు.

యుద్ధం వస్తుందన్న ఏడాది నన్ను తయారుచేసి, పౌరరక్షణ వాళ్ల ద్వారా సముద్రం ఒడ్డున ఉన్న గవ్వలపేటకు పంపారు. అక్కడి బడి మాస్టారు జోగారావుగారే వార్డెను. ఒక ఇనప టోపీ, ఒక విజిలు, నేను, ముగ్గురం ఆయన సంతకం మీద వచ్చాం. ఆఫీసంటూ లేదు గనక ఆయన వంటింటి అటక ఎక్కాం.

"మరి నా చింతపండు కుండ ఎక్కడ పెట్టుకోనండీ?" అంది ఆయన భార్య వరహాలమ్మ.

"దేశం కన్నా చింతపండు ఎక్కువా?" అన్నారు మాస్టారు.

కుండ మంచం కిందకు వెళ్లింది. ఆ తరవాత చాలా రోజులు ఆవిడ నా వంక సవతిని చూసినట్టు చూసేది.

ప్రతి సోమవారం సాయంత్రం మాస్టారు టోపీ పెట్టుకుని, నన్ను భుజాన వేసుకుని బెస్తవీధికి వెళ్లేవారు. అక్కడ ఎనభై తాటాకు ఇళ్లు. పాఠం ఒక్కటే. నేను ఎక్కుతూ దిగుతూ కూస్తే విమానాలు వస్తున్నట్టు: దీపాలార్పి, తలుపులు బిగించి, చెవుల్లో దూది పెట్టుకుని మంచం కింద పడుకోవాలి. ఒకటే తీరుగా సాగదీసి కూస్తే ప్రమాదం పోయినట్టు: బయటకు రావచ్చు.

"ఈలోగా తలుపు ఎవరు కొట్టినా తియ్యకూడదు. నేను కొట్టినా సరే! శత్రువులు నా గొంతుతో పిలవచ్చు," అనేవారు మాస్టారు.

శత్రువులకు జోగారావుగారి గొంతుతో ఏం పనో నాకు అర్థం కాలేదు గానీ, వీధి వీధంతా నమ్మింది. అందరికన్నా శ్రద్ధగా నేర్చుకున్నది పైడమ్మ. చేపల గంపతో రోజూ అయిదు ఊళ్లు తిరిగే ఆ భారీ మనిషి, మంచం కిందకు మాత్రం పిల్లిలా దూరేది.

ఒక్క విమానమూ రాకుండానే యుద్ధం అయిపోయింది. మాస్టారు కాస్త చిన్నబోయారు. నా మూతి మీద వరహాలమ్మ చేటలు బోర్లించడం మొదలుపెట్టింది. అలా ఆరేళ్లు.

ఏడో ఏట నవంబరులో ఒక మధ్యాహ్నం పోస్టాఫీసుకు పట్నం నుంచి ఫోను వచ్చింది. పెద్ద తుపాను, చీకటి పడేలోగా సముద్రం ఊరి మీదకొచ్చేస్తుంది, బెస్తవీధి ఖాళీ చేయించి దిబ్బ మీది బడికి చేర్చండి, మీ దగ్గర సైరన్ ఉంది కదా, అని. ఆ వీధివాళ్లకు సముద్రం పోకడ తెలియక కాదు. వలలూ తెప్పలూ కట్టుకుంటూ, ఇంకాసేపు చూద్దామని ఆగారు.

మాస్టారు అటక మీంచి నన్ను దింపి, దుమ్మయినా దులపకుండా ఒడ్డుకు పరిగెత్తారు. వెనకాలే వరహాలమ్మ. ఈదురుగాలిలో నన్ను పాతి, పిడి పట్టుకుని ప్రాణం పెట్టి తిప్పారు. నేనూ ఎక్కుతూ దిగుతూ ఆరేళ్ల ఆకలి తీరా కూశాను.

ఒక్క నిమిషం. అంతే. ఎనభై పొయ్యిల్లో నీళ్లు పోసిన చప్పుడు, ఎనభై తలుపులు బిగిసిన చప్పుడు. వీధిలో పిట్ట లేదు.

"చూశావా క్రమశిక్షణ!" అన్నారు మాస్టారు ఉప్పొంగిపోయి. అని, మరుక్షణం తల పట్టుకున్నారు. మొదటి ఇంటి తలుపు బాదారు.

"బయటకు రండర్రా! నేను మాస్టార్ని!"

"మాస్టరొచ్చినా తియ్యొద్దని మాస్టరే సెప్పినారు. ఎల్లిపో ఎదవా!" అంది లోపలి గొంతు.

అల ఒకటి వీధి మొగలోకి వచ్చి వెళ్లింది.

"రెండో కూత కూయించండి," అంది వరహాలమ్మ.

"ప్రమాదం ఉండగా పోయిందని ఎలా కూయిస్తాను? రూలు ఒప్పుకోదు."

"రూలు ఈదుకుంటూ పోతుంది లెండి. మనుషుల సంగతి చూడండి." ఆవిడే నా పిడి అందుకుంది. తిరగలి తిప్పే చెయ్యి కదా, తేడా లేకుండా ఒకటే తీరుగా తిప్పింది. నా జన్మలో అంత చక్కగా ఎప్పుడూ కూయలేదు. అది పచ్చి అబద్ధం కావడం ఒక్కటే లోటు.

తలుపులు తెరుచుకున్నాయి.

"ఇమానాలు పోనాయా మాస్టరూ?"

"పోయాయి. ఇప్పుడు సముద్రం వస్తోంది. పదండి బడికి!" అంది వరహాలమ్మ.

తిట్టుకుంటూ, నవ్వుకుంటూ, పిల్లల్నీ కోళ్లనీ చంకనేసుకుని వీధంతా కదిలింది. మాస్టారి దగ్గర పేర్ల పట్టిక ఉంది. వరహాలమ్మకు మనుషులే గుర్తు.

"పైడమ్మ ఏదీ?" అంది.

పైడమ్మ రాలేదు. చెవుల్లో దూది అంత గట్టిగా కుక్కుకున్న మనిషి ఆ వీధిలో మరొకరు లేరు.

వరహాలమ్మను జనంతో పంపి, మాస్టారు నన్ను భుజాన వేసుకుని వెనక్కు పరిగెత్తారు. వీధిలో మోకాలిలోతు నీళ్లు, పైడమ్మ ఇంటి అరుగు మాత్రం ఇంకా మునగలేదు. తలుపు రాలేదు. నా స్టాండు కాలు సందులో దూర్చి పెకలించారు. మంచం కింద పైడమ్మ, తలకింద చెయ్యి పెట్టుకుని, మంచి మార్కుల కోసం ఎదురుచూస్తున్నట్టు పడుకుని ఉంది.

"తలుపు ఇరగ్గొట్టీసినావేటి బాబూ! ఎవడు బాగు సేస్తాడు?" అని అరిచింది. లేవబోయి, తిమ్మిరెక్కిన కాళ్ల మీద నిలబడలేక కూలబడింది.

మాస్టారు నన్ను చూశారు. ఆమెను చూశారు. నా కోసం ఆయన సంతకం పెట్టారు, ఆమె కోసం పెట్టలేదు. క్షణం కూడా ఆలోచించలేదు. నన్ను నీళ్లలోకి విసిరేసి, పైడమ్మను వీపున వేసుకుని దిబ్బకేసి నడిచారు. నీళ్లు నా గొంతులోకి వచ్చేదాకా ఆమె అరుపు వినిపిస్తూనే ఉంది, "నా తలుపు, నా తలుపు" అంటూ.

తలుపే కాదు, ఆ వీధిలో ఒక్క వాసం మిగల్లేదు. మనుషులు మాత్రం అందరూ మిగిలారు.

పది రోజులకు ఇసుకలో వలకు తగిలి బయటపడ్డాను. మూతి సొట్టపోయింది, గొంతు నిండా ఇసుక. ఇక కూయను. మాస్టారి వసారాలో నన్ను పడేసిన వారానికి పట్నం నుంచి కాగితం వచ్చింది. ప్రమాదం ఉండగా పోయినట్టు ఎందుకు కూయించారు? ప్రభుత్వ సొత్తును ఒడ్డున ఎందుకు వదిలేశారు? సంజాయిషీ ఇవ్వండి.

మాస్టారు మూడు పేజీలు రాసి, చించేశారు.

"రెండు ముక్కలు రాయండి చాలు," అంది వరహాలమ్మ, చింతపండు గింజలు తీస్తూ.

ఆయన రాశారు: "మొదటిదానికి, నా భార్య చెప్పింది. రెండోదానికి, చేతులు రెండే ఉన్నాయి, అవి పైడమ్మకే చాలలేదు."

మళ్లీ కాగితం రాలేదు. ఆ ఆఫీసులో కూర్చున్నవాళ్లలో ఎవరికో ఒకరికి బరువైన తల్లి ఉండి ఉంటుంది.